పాఠపరిష్కరణ దృష్టితో విదేశీ చలనచిత్ర డిస్కుల సేకరణ: తెలుగు చలనచిత్ర పరిశోధనకు దాని ప్రయోజనం

వ్యాససంగ్రహం

అరుదైన విదేశీ చలనచిత్రాలను పునరుద్ధరించి, పీఠికలతో, వ్యాఖ్యానాలతో డిస్కులుగా వెలువరించే చిన్న సంస్థలను బొటీక్ లేబుళ్లు అంటారు. వాటి ప్రచురణలను సేకరించడం సాధారణంగా సినీ అభిమానుల వ్యాపకంగా కనబడుతుంది. అయితే ప్రతుల అన్వేషణ, పాఠాంతరాల పరిశీలన, పీఠికారచన వంటి పనుల దృష్ట్యా ఈ సంస్థలు చేస్తున్నది పాఠపరిష్కరణమే. తాళపత్ర ప్రతులతో తెలుగు పండితులు చేసిన కృషికీ దీనికీ గల పోలికను ఈ వ్యాసం వివరిస్తుంది. డిస్కును ప్రమాణప్రతిగా పరిశీలించే పద్ధతిని, తెలుగు చిత్రాల ప్రతుల స్థితిని, టెక్కలి వంటి పట్టణంలోని కళాశాల చేపట్టదగిన సేకరణ విధానాన్ని చర్చిస్తుంది.

కీలకపదాలు: చలనచిత్ర పునరుద్ధరణ, పాఠపరిష్కరణ, పాఠాంతరం, డిస్కుల సేకరణ, ఉపశీర్షికలు, జానపద చిత్రాలు, ఉద్దానం.

1. ఉపోద్ఘాతం

కావ్యంపై పరిశోధన చేసే విద్యార్థిని మొదట అడిగే ప్రశ్న, ఏ ముద్రణను ఆధారంగా తీసుకున్నావని. వావిళ్ల వారి ప్రతియా, అకాడమీ ప్రతియా, మరొకటా అన్నది సిద్ధాంతగ్రంథంలో స్పష్టం కావాలి. చలనచిత్రంపై పరిశోధన చేసే విద్యార్థిని ఈ ప్రశ్న అడగడం అరుదు. చిత్రం పేరు, విడుదల సంవత్సరం, దర్శకుని పేరు ఇస్తే చాలునన్న భావన స్థిరపడింది. ఒకే చిత్రం వేర్వేరు నిడివులతో, వేర్వేరు రంగులతో, కొన్ని పాటలు ఉండీ లేకా ప్రచారంలో ఉన్నప్పుడు, పరిశోధకుడు చూసినది ఏది అన్న ప్రశ్నకు సమాధానం లేకపోతే అతని నిర్ణయాలకు ఆధారం సడలుతుంది.

విదేశీ చిత్రాల ప్రచురణలో ఈ ప్రశ్నను గంభీరంగా స్వీకరించినవి బొటీక్ లేబుళ్లు. అందువల్ల వాటి డిస్కులను సేకరించి పరిశీలించడం తెలుగు పరిశోధకులకు ఒక పద్ధతిశిక్షణగా ఉపకరిస్తుంది.

2. బొటీక్ లేబుళ్ల స్వరూపం

ఈ తరహా ప్రచురణకు ఆద్యంగా చెప్పదగినది అమెరికాకు చెందిన క్రైటీరియన్. 1984లో ‘సిటిజెన్ కేన్’, ‘కింగ్ కాంగ్’ చిత్రాలను లేజర్ డిస్కులుగా ప్రచురించి ఈ సంస్థ ప్రారంభమైంది. ‘కింగ్ కాంగ్’ డిస్కులో రెండవ ధ్వనిమార్గాన్ని వినియోగించి, దృశ్యం నడుస్తుండగా రొనాల్డ్ హేవర్ చేసిన ప్రసంగాన్ని చేర్చారు. శ్రవ్య వ్యాఖ్యానం అనే ప్రక్రియ అప్పుడే పుట్టింది. మూలం పైన, వ్యాఖ్య కింద ముద్రించే మన సటీక గ్రంథాల సంప్రదాయానికి ఇది దృశ్యరూపం.

తరువాతి కాలంలో బ్రిటన్‌లో మాస్టర్స్ ఆఫ్ సినిమా, సెకండ్ రన్, ఇండికేటర్, రేడియన్స్. అమెరికాలో కీనో లోర్బర్, వినెగర్ సిండ్రోమ్, డెఫ్ క్రోకడైల్. ఫ్రాన్స్‌లో కార్లొట్టా వంటివి ఏర్పడ్డాయి. ప్రతి సంస్థకూ తనదైన క్షేత్రం ఉంది. సెకండ్ రన్ మధ్య ఐరోపా చిత్రాలపై ప్రధానంగా దృష్టి పెట్టింది. వినెగర్ సిండ్రోమ్ అన్న పేరు ఒక వ్యాధి పేరు: ఎసిటేట్ ఫిల్ము శిథిలమయ్యేటప్పుడు వెలువడే పులిసిన వాసనను బట్టి ఫిల్ము భద్రకులు ఆ శైథిల్యానికి పెట్టిన పేరది.

వీటి ప్రచురణలో సాధారణంగా నాలుగు అంగాలు కనిపిస్తాయి. మొదటిది, ఏ నెగటివ్ నుండి లేదా ఏ ప్రింటు నుండి పునరుద్ధరించారో తెలిపే ప్రకటన. రెండవది, విద్వాంసుల వ్యాసాలతో కూడిన చిరుపుస్తకం. మూడవది, శ్రవ్య వ్యాఖ్యానం, ముఖాముఖులు, తొలగించిన దృశ్యాలు. నాలుగవది, డబ్బా వెన్నుపై ముద్రించే వరుససంఖ్య. సేకర్తలను వరుస పూర్తి చేయాలన్న కోరికతో కట్టిపడేసేది ఈ నాలుగవ అంగమే. పరిశోధకునికి విలువైనది మొదటిది.

భారతీయ చిత్రాలకు ఈ వరుసలలో చోటు స్వల్పం. క్రైటీరియన్ సత్యజిత్ రాయ్, ఋత్విక్ ఘటక్ చిత్రాలను ప్రచురించింది. మద్రాసు జెమినీ స్టూడియోలో నిర్మితమైన ఉదయ్ శంకర్ ‘కల్పన’ 1948 నాటిది. అది 2022లో అదే సంస్థ సంపుటంలో చేరింది. జాతీయ ఫిల్ము భాండాగార నిర్మాత పి.కె. నాయర్‌పై శివేంద్రసింగ్ దుంగార్‌పూర్ తీసిన ‘సెల్యులాయిడ్ మ్యాన్’ను సెకండ్ రన్ వెలువరించింది. మన దేశంలోనూ ఒక దశలో పలడార్, ఎన్డీటీవీ లూమియేర్, ఎన్‌లైటెన్ వంటి సంస్థలు ప్రపంచ చిత్రాలను డిస్కులుగా అందించాయి. ఆ ప్రయత్నాలు ఎక్కువ కాలం సాగలేదు.

3. డిస్కును ప్రతిగా చదవడం

3.1 లభించిన ప్రతి

1909లో మానవల్లి రామకృష్ణకవి నన్నెచోడుని కుమారసంభవాన్ని వెలుగులోకి తెచ్చారు. తంజావూరు గ్రంథాలయంలోని ఒక ప్రతి తెలుగు సాహిత్యచరిత్రలో కొత్త చర్చలకు దారితీసింది. ఫ్రిట్జ్ లాంగ్ ‘మెట్రోపొలిస్’ విషయంలోనూ దాదాపు ఇదే జరిగింది. 1927 నాటి ఆ చిత్రం విడుదలైన కొద్దికాలానికే కత్తిరింపులకు గురై, దశాబ్దాలపాటు లోపభూయిష్ట ప్రతులలోనే లోకానికి తెలుసు. 2008లో బ్యూనస్ ఐరిస్ సినిమా ప్రదర్శనశాలలో 16 మిల్లీమీటర్ల ప్రతి ఒకటి బయటపడి, లుప్తమైన సుమారు 25 నిమిషాల భాగాన్ని తిరిగి ఇచ్చింది. ఆ భాగం గీతలతో నిండి ఉంది. పరిష్కర్తలు ఆ గీతలను పూర్తిగా దాచలేదు, దాచలేరు కూడా. ఫలితంగా ఏ భాగం ఏ ప్రతి నుండి వచ్చిందో ప్రేక్షకుడు చూపుతోనే గుర్తించగలడు.

రెన్వార్ ‘గ్రాండ్ ఇల్యూజన్’ది మరొక కథ. యుద్ధకాలంలో నశించిందనుకున్న దాని మూల నెగటివ్ బెర్లిన్‌కు, అక్కడి నుండి మాస్కోకు, చివరికి ఫ్రాన్స్‌లోని తులూజ్ భాండాగారానికి చేరి, గుర్తింపులేక చాలాకాలం ఉండిపోయింది. క్రైటీరియన్ తన డీవీడీ వరుసలో ఒకటవ సంఖ్యను ఈ చిత్రానికి కేటాయించింది. అయితే మెరుగైన మూలం లభించడంతో ప్రచురణను ఆపి, 1999లో ఆ మూలం ఆధారంగా వెలువరించింది. మంచి ప్రతి దొరికినప్పుడు ముద్రణను నిలిపివేయడం పరిష్కర్త ధర్మం.

3.2 సంకలిత పాఠం

రాయ్ అపూ చిత్రత్రయం నెగటివ్‌లు 1993లో లండన్‌లోని ఒక లేబొరేటరీ అగ్నిప్రమాదంలో తీవ్రంగా దెబ్బతిన్నాయి. కాలి ముడుచుకున్న ఫిల్మును బొలోన్యా నగరంలోని పునరుద్ధరణశాల నిపుణులు రసాయనిక ప్రక్రియలతో తిరిగి మెత్తబరచి, చేతితో సరిచేసి, స్కాన్ చేశారు. ‘పథేర్ పాంచాలి’లో సుమారు 40 శాతం, ‘అపరాజితో’లో 60 శాతానికి పైగా మూల నెగటివ్ నుండే గ్రహించగలిగారు. తక్కిన భాగాన్ని ఇతర భాండాగారాలలోని ప్రతుల నుండి పూరించారు. శిథిలపత్రాల స్థానంలో మరొక ప్రతిలోని పాఠాన్ని గ్రహించి పూర్ణపాఠాన్ని నిర్మించే మన పద్ధతితో దీనికి భేదం లేదు.

3.3 కర్త దిద్దిన పాఠం

కర్త స్వయంగా పాఠాన్ని మారిస్తే పరిష్కర్త ఏది స్వీకరించాలి? కన్యాశుల్కం 1897 ప్రతి, 1909 ప్రతి ఉన్న తెలుగువారికి ఇది పరిచిత సమస్య. గురజాడ రెండవ కూర్పును విస్తృతంగా తిరగరాశారు. ప్రచారంలో ఉన్నది అదే. అయినా మొదటి కూర్పు లభ్యం కనుకనే ఆయన నాటకశిల్ప పరిణామాన్ని చర్చించగలుగుతున్నాం. 2021లో క్రైటీరియన్ వెలువరించిన వాంగ్ కార్-వాయ్ చిత్రాల సంపుటంలో దర్శకుడు రంగులను మార్చాడు, ‘ఫాలెన్ ఏంజెల్స్’ చిత్రపు తెరనిష్పత్తిని మార్చాడు. పాత డిస్కులు ఉన్నవారు మాత్రమే పూర్వపాఠాన్ని చూడగలరు. కొత్త ప్రచురణ రాగానే పాతదానిని పారవేయరాదన్న సేకర్తల నియమానికి శాస్త్రీయమైన ఆధారం ఇక్కడ ఉంది. అంతర్జాల ప్రసారసేవలలో ఒక పాఠం స్థానంలో మరొకటి నిశ్శబ్దంగా వచ్చి చేరవచ్చు. డిస్కులోని పాఠం అలా మారదు.

4. సాంకేతికాంశాలు: పరిశోధకుడు తెలియవలసినవి

విదేశీ డిస్కు తెప్పించుకున్నవారికి తొలి అవరోధం ప్రాంతసంకేతం. డీవీడీ విషయంలో అమెరికా 1వ ప్రాంతం, బ్రిటన్, జపాన్ 2వ ప్రాంతం, భారతదేశం 5వ ప్రాంతం. బ్లూ-రేలో అమెరికా, జపాన్ ‘ఎ’, ఐరోపా ‘బి’, భారత్, చైనా, రష్యా ‘సి’. డిస్కుకు, యంత్రానికి సంకేతం కుదరకపోతే చిత్రం నడవదు. 4కె డిస్కులకు ఈ నిబంధన లేదు. కొనుగోలుకు ముందే యంత్రం ఏ సంకేతాలను అంగీకరిస్తుందో పరీక్షించుకోవడం అవసరం.

రెండవది వేగభేదం. చలనచిత్రం క్షణానికి 24 చట్రాల చొప్పున చిత్రితమవుతుంది. భారత్, ఐరోపా అనుసరించిన పాల్ పద్ధతి 25 చట్రాలది. ఆ పద్ధతిలోకి మార్చినప్పుడు చాలా సందర్భాలలో చిత్రాన్ని సుమారు 4 శాతం వేగంగా నడుపుతారు. 184 నిమిషాల చిత్రం ఇలా మార్చినప్పుడు 177 నిమిషాలలోపే ముగుస్తుంది. ఒక్క దృశ్యమూ తొలగకుండానే ఏడు నిమిషాలు తగ్గుతాయి. నిడివిని మాత్రమే చూసి ‘కత్తిరించిన ప్రతి’ అని నిర్ణయించరాదు. శబ్దాన్ని సరిచేయకపోతే శ్రుతి కూడా అర్ధస్వరంలో సుమారు 70 శాతం మేర పెరుగుతుంది. ఘంటసాల పద్యగానంలోని శ్రుతిని డిస్కు ఆధారంగా నిర్ణయించే సంగీత పరిశోధకుడు మొదట ఆ డిస్కు ఏ వేగంలో ఉన్నదో తేల్చుకోవాలి.

మూడవది స్పష్టత. ఒకప్పుడు మన పట్టణాలలో విరివిగా దొరికిన వీసీడీలో పాల్ చిత్రం 352×288 బిందువులది. డీవీడీలో అది 720×576, బ్లూ-రేలో 1920×1080. వీసీడీ ఒక్కదానిలో సుమారు 80 నిమిషాలకు మించి పట్టదు కనుక తెలుగు చిత్రాలు రెండు, మూడు డిస్కులుగా వచ్చేవి. మూడు డిస్కులలో ఒకటి పోతే అసంపూర్ణ ప్రతి మిగులుతుంది.

5. తెలుగు చిత్రాల ప్రతుల స్థితి

ఈ పరిజ్ఞానంతో స్వభాషాచిత్రాల వైపు చూస్తే కనిపించేది ఆందోళన కలిగించే దృశ్యం. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రతి నేడు లభ్యం కాదు. అది 1932 ఫిబ్రవరి 6న విడుదలైందని రెంటాల జయదేవ పత్రికాధారాలతో నిరూపించవలసి వచ్చింది. అంతకు ముందు 1931 సెప్టెంబరు 15 అన్న తేదీ ప్రచారంలో ఉండేది. చిత్రం పోయిన తరువాత ప్రకటనలు, సమీక్షలు, పాటల పుస్తకాలే సాక్ష్యాలుగా మిగిలాయి.

ఉన్న చిత్రాలకూ పాఠసమస్యలు ఉన్నాయి. ‘మాయాబజార్’ 1957లో తెలుగు, తమిళాలలో రెండు చిత్రాలుగా విడుదలైంది. తెలుగులో అక్కినేని ధరించిన అభిమన్యుని పాత్రను తమిళంలో జెమినీ గణేశన్ ధరించారు. ఇవి ఒకే కథకు రెండు శాఖాపాఠాలు. 2010లో గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ తెలుగు చిత్రానికి రంగులద్ది విడుదల చేసింది. 184 నిమిషాల మూలం ఇందులో 165 నిమిషాలకు తగ్గింది. పై గణితం ప్రకారం వేగభేదం వల్ల 177 వరకే తగ్గగలదు కనుక, ఇక్కడ తొలగింపు జరిగిందన్నది నిశ్చయం. రంగుల ప్రతి కొత్త ప్రేక్షకులను తెచ్చింది, ఆ మేలును తక్కువ చేయనవసరం లేదు. అయితే మార్కస్ బార్‌ట్లే ఛాయాగ్రహణాన్ని విశ్లేషించేవారు ఆ ప్రతిని ఆధారంగా గ్రహించరాదు. వెలుగునీడలనే వర్ణాలుగా భావించి చిత్రించిన దృశ్యాలవి.

గృహవీడియో విషయంలో మన మార్కెట్టు వేరు దారిలో నడిచింది. 2007 ప్రాంతంలో మోజర్ బేయర్ సంస్థ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అందించి చిత్రాలను సామాన్యుని ఇంటికి చేర్చింది. ఆ ధరలో పీఠికలకు, పునరుద్ధరణకు తావులేదు. మరొకవైపు, అమెరికాలోని తెలుగువారి కోసం వెలువడిన డీవీడీలలో ఆంగ్ల ఉపశీర్షికలు చేరాయి. అందువల్ల కొన్ని తెలుగు చిత్రాలకు విదేశీ విపణికై తయారైన డిస్కే మెరుగైన ప్రతి కావచ్చు. అభిరుచి గల తెలుగు సేకర్త తన భాష చిత్రాన్ని విదేశీ చిత్రంగా వెతుక్కోవలసి రావడం విచిత్రమైన స్థితి.

మార్పు సూచనలు లేకపోలేదు. 2019 డిసెంబరులో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ హైదరాబాదులో ఫిల్ము భద్రత, పునరుద్ధరణలపై శిక్షణశిబిరం నిర్వహించింది. 2024లో అక్కినేని శతజయంతి సందర్భంగా అదే సంస్థ, జాతీయ ఫిల్ము భాండాగారం సహకారంతో ఆయన చిత్రాలను దేశంలోని అనేక నగరాలలో ప్రదర్శించింది. ప్రదర్శన జరిగింది, పాఠాంతరసూచికతో, పీఠికతో కూడిన ప్రచురణ మాత్రం జరగవలసి ఉంది.

6. తులనాత్మక అధ్యయనానికి ఒక ఉదాహరణ

విదేశీ డిస్కుల సేకరణ తెలుగు పరిశోధనకు ఇవ్వగల విషయసంపదకు జానపద చిత్రాలు మంచి ఉదాహరణ. సోవియట్ దర్శకుడు అలెగ్జాండర్ ప్తుష్కో 1956లో తీసిన ‘ఇల్యా మూరొమెత్స్’ను డెఫ్ క్రోకడైల్ పునరుద్ధరించి వెలువరించింది. రష్యన్ మౌఖిక వీరగాథలు దీనికి మూలం. మూడు తలల నాగరాక్షసునితో వీరుడు చేసే యుద్ధం ఇందులో ప్రధానఘట్టం. అయిదేళ్ల ముందు, 1951లో, కె.వి. రెడ్డి ‘పాతాళ భైరవి’ వెలువడింది. కాశీమజిలీ కథల ఆధారంతో నిర్మితమైన ఈ చిత్రంలో సాహసం, మాయ, రాకుమారి, మాంత్రికుడు అన్న కథాంగాలు కనిపిస్తాయి.

రెండింటినీ పక్కపక్కన పరిశీలిస్తే భేదమే ఎక్కువ ఆసక్తికరం. ప్తుష్కో వీరుడు రాజ్యరక్షకుడు. వేలాది సైనికుల సమూహదృశ్యాలు అతని వెనుక నిలుస్తాయి. తోటరాముడు తోటమాలి కొడుకు. రాజ్యంకన్నా రాకుమారి అతని లక్ష్యం, బలంకన్నా యుక్తి అతని ఆయుధం. ప్రభుత్వస్టూడియో సమకూర్చిన వనరులతో తీసిన అద్భుతానికీ, వ్యాపారసంస్థ పరిమిత వ్యయంతో తీసిన అద్భుతానికీ తేడా తెరపైనే కనిపిస్తుంది. ఆ పరిమితిని మరింత కుదించి, కెమెరా మాయలతో విఠలాచార్య ఒక శైలినే నిర్మించారు. ఈ పోలికను కథాంశాలకే పరిమితం చేయక, దృశ్యాన్ని నిలిపి, ఛాయాగ్రహణ యుక్తులను లెక్కించి చేయాలంటే రెండు చిత్రాలకూ స్పష్టమైన ప్రతులు కావాలి. ఒకదానికి పునరుద్ధరించిన ప్రతి, మరొకదానికి మసకప్రతి ఉంటే తులనం న్యాయంగా సాగదు. మసక ప్రతిలోని లోపం కళాకారుని లోపంగా నమోదయ్యే ప్రమాదం ఉంది.

7. ఉపశీర్షికలు: అనువాదసమస్య

ఈ డిస్కులలో ఉపశీర్షికలు ఎక్కువగా ఆంగ్లంలోనే ఉంటాయి. తెలుగు మాధ్యమంలో చదివి డిగ్రీకి వచ్చిన విద్యార్థికి హంగేరియన్ చిత్రమూ ఆంగ్లచిత్రమూ ఒకే రీతిగా దూరమవుతాయి. సోవియట్ సాహిత్యం విషయంలో తెలుగువారు ఇంత దూరంగా లేరు. ఉప్పల లక్ష్మణరావు వంటివారు మాస్కో ప్రగతి ప్రచురణాలయంలో ఉండి రష్యన్ రచనలను తెలుగు చేశారు. ఆ పుస్తకాలు చిన్న ఊళ్ల పాఠకుల చేతికీ అందాయి. ఆ పుస్తకాలు చదివిన కుటుంబాలలోని నేటి విద్యార్థులకు ఆ దేశపు చిత్రాలు తెలుగులో లేవు.

తెలుగు శాఖలు చేయదగిన పని ఇది. ఉపశీర్షిక ఫైలు కేవలం వరుససంఖ్య, కాలసూచిక, వాక్యం అన్న మూడు అంశాలతో కూడిన పాఠ్యం. అనువాదపత్రం చదివే స్నాతకోత్తర విద్యార్థులు ఒక చిత్రాన్ని పంచుకొని తెలుగు చేయవచ్చు. తెరపై రెండు పంక్తులకు మించి పట్టవు, అవి కొన్ని క్షణాలే నిలుస్తాయి. తెలుగు సమాసపదాల నిడివి ఇక్కడ నిజమైన పరీక్ష. ఏ మాండలికంలో చెప్పించాలన్నది మరొక ప్రశ్న. మత్స్యకారుల చిత్రానికి ఉద్దానం తీరపు పలుకుబడి వాడితే సహజత్వం వస్తుందా, లేక విదేశీ పరిసరం చెరిగిపోతుందా అన్నది తరగతిలో చర్చించదగినది.

8. టెక్కలి పరిసరాలలో సేకరణ: కార్యాచరణ

1994 ఎన్నికలలో నందమూరి తారక రామారావు హిందూపురంతో పాటు టెక్కలి నుండి కూడా గెలుపొందారు. తెరపై కృష్ణునిగా చూసినవారిని శాసనసభ్యునిగా ఎన్నుకున్న ప్రాంతమిది. 2020లో ‘పలాస 1978’ ఈ ప్రాంతజీవితాన్ని తెరకెక్కించింది. చలనచిత్రం ఇక్కడి సాంఘికచరిత్రలో భాగం. దానిని అధ్యయనం చేసే సాధనాలు మాత్రం దూరనగరాలలో ఉన్నాయి.

కళాశాల గ్రంథాలయంలో చిన్న సేకరణను ఆరంభించడానికి ఈ క్రింది అంశాలు పాటించవచ్చు.

క) ఎంపిక: వరుససంఖ్యలు పూర్తి చేయడం లక్ష్యం కారాదు. ఈ డిస్కుల ధర, రవాణా వ్యయం, దిగుమతి సుంకం కలిపితే కళాశాలకు భారమే. కనుక పాఠ్యాంశాలకు, పరిశోధనాంశాలకు సంబంధించిన వాటినే ఎంచుకోవాలి.

ఖ) నమోదు: చిత్రం మూలనామం, దర్శకుడు, విడుదల సంవత్సరంతో పాటు ప్రచురణసంస్థ, ప్రచురణ సంవత్సరం, ప్రాంతసంకేతం, నిడివి, పునరుద్ధరణ మూలం, ఉపశీర్షికల భాష నమోదు చేయాలి. సిద్ధాంతగ్రంథంలో చిత్రాన్ని ఉదహరించేటప్పుడూ ఈ వివరాలే ఇవ్వాలి.

గ) స్థానిక ప్రతులు: మూతపడిన సీడీ దుకాణాలలో, ఇళ్లలో మిగిలిన తెలుగు వీసీడీలను, పాటల పుస్తకాలను, పోస్టర్లను సేకరించాలి. నాసిరకమైనవైనా, మరెక్కడా లేని దృశ్యం ఒకదానిలో ఉండవచ్చు. ‘మెట్రోపొలిస్’ నేర్పిన పాఠం అదే.

ఘ) భద్రత: ఉద్దానం తీరపు ఉప్పుగాలి, తేమ డిస్కులకు శత్రువులు. అంచు నుండి తేమ చేరితే లోపలి అల్యూమినియం పొర ఆక్సీకరణం చెందుతుంది. ఇంట్లో రాసుకున్న డిస్కులలోని రంగుపొర ఇంకా త్వరగా చెడుతుంది. డిస్కులను నిలువుగా, తేమను పీల్చే పొట్లాలతో మూసిన పెట్టెలలో, నేలకు ఎత్తున ఉంచాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ తీరంలోనే పలాస సమీపాన భూమిని తాకి కొబ్బరి, జీడితోటలను నేలకూల్చింది. ఏ సేకరణనైనా ఒకే గదిలో ఉంచరాదని హెచ్చరించడానికి అంతకన్న వేరే నిదర్శనం అక్కరలేదు.

చ) చట్టం: భారతీయ చట్టం ప్రకారం చలనచిత్రంపై హక్కు విడుదలైన మరుసటి క్యాలెండరు సంవత్సరారంభం నుండి 60 ఏళ్లు. 1957 చిత్రంపై ఆ హక్కు 2017తో ముగిసింది. అయితే అందులోని సాహిత్యం, సంగీతాలపై హక్కులు వేరు. వాటి గడువు కర్త మరణానంతరం 60 ఏళ్లు. విద్యాసంస్థలో సిబ్బందికి, విద్యార్థులకు పరిమితమైన ప్రదర్శనను 52వ సెక్షన్ అనుమతిస్తుంది. దీనిని బహిరంగ ప్రదర్శనకు, ప్రతుల పంపిణీకి అనుమతిగా భావించరాదు.

9. ముగింపు

బొటీక్ లేబుళ్లు వ్యాపారసంస్థలు. వాటి ఎంపికలో ఐరోపా, అమెరికా, జపాన్ చిత్రాలకే అగ్రస్థానం. అవి ప్రచురించినదే ఉత్తమచిత్రమని, ప్రచురించనిది కాదని భావించడం పొరపాటు. వాటి నుండి గ్రహించవలసినది పద్ధతి: మూలాన్ని వెతకడం, ప్రతులను పోల్చడం, చేసిన మార్పును చెప్పడం, చదువరికి పీఠిక ఇవ్వడం.

ఈ నాలుగూ తెలుగు విద్వాంసులకు కొత్త కావు. బ్రౌన్ పండితులను కూర్చోబెట్టి ప్రతులను సరిపోల్చిన నాటి నుండి, వేటూరి ప్రభాకరశాస్త్రి, మానవల్లి వంటివారి కృషి వరకు మనకు దీర్ఘసంప్రదాయం ఉంది. తాళపత్రంపై సాగించిన ఆ శ్రమను ఫిల్ముపైకి మళ్లించేవారు కావాలి. లేబొరేటరీ, స్కానరు లేని కళాశాల కూడా ఒక పని చేయగలదు: ఒక తెలుగు చిత్రాన్ని ఎంచుకొని, అందుబాటులోని ప్రతులన్నిటినీ నిమిషం నిమిషం పోల్చి, పాఠాంతరసూచికను తయారుచేయడం. రేపు ఎవరైనా ఆ చిత్రాన్ని పునరుద్ధరించదలిస్తే మొదట కావలసినది ఆ సూచికే. ‘భక్త ప్రహ్లాద’కు అటువంటిది తయారు చేసే అవకాశం ఇక లేదు. మిగిలినవాటికి ఉంది.